నల్లరేగడి నేల, చెట్టు వేరు, ఇంటి పునాది

వేసవి ముదిరి రేగడి నేల నెఱ్ఱెలు విచ్చిన దినములలో కిటికీ మూలనుండి చూరువఱకు ఏటవాలుగా ఒక బీట బయలుదేఱును. నిన్నటివఱకు చక్కగా మూతపడిన తలుపు నేడు చట్రములో బిగిసికొని కదలదు. గచ్చు ఒక ప్రక్కకు వాలినట్లు తోచును. ఇంటివారు వెలుపలికి వచ్చి చూతురు. నాలుగు బారల దూరములో పెద్ద వేపచెట్టు నిలిచి యుండును. ఇంకేమున్నది? "వేరు పునాది క్రిందికి పోయి గోడను లేపినది, చెట్టు కొట్టివేయవలసినదే" అని పెద్దలును, మేస్త్రీయును ఏకగ్రీవముగా తీర్పు చెప్పుదురు. నల్లరేగడి ఊళ్లలో ఈ తీర్పు వినని వారుండరు.

ఈ తీర్పులో సగము నిజము, సగము పొరపాటు. చెట్టునకును బీటకును సంబంధమున్న మాట నిజమే కావచ్చును. కాని ఆ సంబంధము సాధారణముగా వేరు గోడను లేపుటవలన కలిగినది కాదు. వేరు నేలలోని నీటిని త్రాగుటవలన కలిగినది. ఈ భేదము పండితుల వాదమునకు మాత్రమే సంబంధించినది కాదు. కారణమును బట్టియే చికిత్స మాఱును. లేపునది వేరే యైనచో దానిని నఱికిన చాలును. నీరు పోవుటయే కారణమైనచో, చెట్టును తొందరపడి కొట్టిన పిమ్మట క్రుంగిన నేల మరల ఉబ్బి ఇంటికి రెండవ దెబ్బ తగులవచ్చును. నీడయు పోవును, గోడయు నిలువదు. అందువలన నేల స్వభావమేమి, వేరు చేయు పనియేమి, ఇంటివారు చేయదగినదేమి అను మూడు విషయములను మేము వరుసగా వివరింపదలచినాము.

నేల స్వభావము

మన దేశములో నల్లరేగడికి మూలము ముఖ్యముగా దక్కను పీఠభూమిలోని బసాల్టు శిల. ఆ శిల వేలకొలది సంవత్సరములు ఎండకు, వానకు చివికి నల్లని బంకమన్నుగా మాఱినది. కృష్ణా గోదావరులు అట్టి మన్నును మోసికొని వచ్చి డెల్టాలలో పఱచినవి. ఆదిలాబాదు ప్రాంతము, తాండూరు కంది పండు నేలలు, నంద్యాల చుట్టుప్రక్కలు, గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాలలోని ప్రత్తి భూములు, కృష్ణా డెల్టాలోని వరిపొలములు, వీనిలో చాల భాగము ఈ జాతి బంకనేలలే. హైదరాబాదు, వరంగల్లు ప్రాంతములలో గ్రానైటు శిలపై ఏర్పడిన ఎఱ్ఱనేలలు, మొరం భూములు విస్తారముగా కలవు. అక్కడ మూడడుగుల పునాదిపై ముప్పది యేండ్లు చెక్కుచెదరని ఇల్లు చూచి, అదే కొలతలతో రేగడిలో కట్టిన ఇల్లు మూడేండ్లలో బీటలు వాఱుట కలదు. ఒక నేల అనుభవము మఱియొక నేలకు చెల్లదు.

ఈ మన్నులో మాంట్‌మోరిలొనైట్ అను ఖనిజము హెచ్చుగా నుండును. దాని కణములు కంటికి కానరానంత పలుచని రేకుల దొంతరలు. విస్తళ్ల కట్టపై నీరు చల్లినపుడు ఆకు ఆకునకు నడుమ నీరు చేరినట్లు, ఈ రేకుల నడుమకు నీరు చొచ్చి వానిని ఎడము చేయును. అప్పుడు మన్ను ఉబ్బును. నీరు పోయినపుడు రేకులు దగ్గఱకు వచ్చును, మన్ను ముడుచుకొనును. వానకాలములో ఉబ్బుటయు, ఎండకాలములో చేయి పట్టునంత నెఱ్ఱెలు విచ్చుటయు ఇందువలననే. పై మన్ను నెఱ్ఱెలలో పడి క్రిందికి పోవుచుండుటచే రేగడి తనను తానే దున్నుకొనునని రైతులు చెప్పుదురు. రైతునకు మేలైన ఈ గుణమే ఇల్లు కట్టువానికి చిక్కు తెచ్చును.

ఈ ఉబ్బు, కుదింపు పైపొరలోనే ఆగవు. మన దేశపు నల్లరేగడిలో ఋతువులను బట్టి తేమ మాఱుట సుమారు 3.5 మీటర్ల లోతువఱకు ఉండవచ్చునని ఇంజనీర్లు లెక్కగొందురు. ఆ లోతునకు దిగువ తేమ ఏడాది పొడవునను ఇంచుమించు ఒక్క తీరుగా నుండును. ఒక మీటరు లోతున నిలిచిన సామాన్యపు పునాది ఈ కదలు పొర నడుమనే కూర్చుండి యున్నదని దీనివలన తెలియుచున్నది.

తమ నేల ఎంత ఉబ్బునో తెలిసికొనుటకు ఒక సులువైన పరీక్ష కలదు. భారతీయ ప్రమాణముల సంస్థ 1977 లో దీనిని ప్రమాణముగా ప్రకటించినది. ఆఱబెట్టి సన్నని జల్లెడ పట్టిన మన్నును 10 గ్రాముల చొప్పున రెండు కొలత గొట్టములలో పోయుదురు. ఒక దానిలో శుద్ధమైన నీరు, రెండవ దానిలో కిరోసిను నింపుదురు. కిరోసినులో ఈ మన్ను ఉబ్బదు. 24 గంటల తరువాత రెండింటిలోను మన్ను ఎంతవఱకు నిలిచినదో చూతురు. కిరోసినులో 10 గీతలకడ, నీటిలో 16 గీతలకడ నిలిచినచో ఉబ్బు నూటికి 60 అన్నమాట. నూటికి 50 లోపు తక్కువ ఉబ్బు గల నేల; 50 నుండి 100 వఱకు మధ్యమము; 100 దాటిన నేలపై ఇల్లు కట్టువారు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. మట్టి పరీక్షశాలలలో ఈ పరీక్ష చేయుదురు. ఇంటికగు వ్యయముతో పోల్చిన దీనికగు ఖర్చు లెక్కలోనికి రాదు.

వేరు చేయు పని

ఇక వేరు సంగతి. చెట్టు ఎంత ఎత్తున్నదో వేరు అంత లోతు పోవునని సామాన్యుల నమ్మకము. వాస్తవమున చాల చెట్లకు వేళ్లలో హెచ్చు భాగము పైనున్న మీటరు, మీటరున్నర మంటిలోనే వ్యాపించును. గాలియు, నీరును, ఆహారమును అక్కడనే దొరకును గదా! కాని అడ్డముగా అవి కొమ్మల నీడను దాటి చాల దూరము పోవును. నీటిని పీల్చునవి మనకు కనబడు లావు వేళ్లు కావు. వాని కొనలనుండి వల వలె అల్లుకొనిన దారపు పోగుల వంటి సన్నని వేళ్లు. అవి పునాది ప్రక్కన నున్నను ఇంటివారు గుఱుతింపలేరు. పెద్ద చెట్టు ఒక్క ఎండ దినమున నూఱు లీటర్లకు మించిన నీటిని నేలనుండి తీసి ఆకులద్వారా గాలిలోనికి విడువగలదు.

లావు వేరు వస్తువులను లేపలేదని మేము అనుట లేదు. చెట్టు మొదట దగ్గఱనున్న నాపరాయిని, బావి చప్టాను, తేలికయైన ప్రహరీగోడను లావెక్కుచున్న వేరు లేపుటయు, ఒరగద్రోయుటయు మనము చూచుచునే యున్నాము. కాని ఒక ఇంటి గోడయు, కప్పును కలిసి పునాదిపై మోపు బరువును లేపుట వేరునకు సాధ్యము కాదు. అట్టి చోట అది మెత్తని వైపునకు తిరిగిపోవును. మురుగు గొట్టముల విషయమును ఇట్టిదే. గట్టి గొట్టమును వేరు పగులగొట్టదు. అతుకు వీడి నీరు కాఱుచున్న చోటును కనిపెట్టి లోపల ప్రవేశించును. గోడ పగుళ్లలో పక్షులు వేసిన గింజలనుండి మొలచు రావి, మఱ్ఱి మొక్కల సంగతి వేఱు. అవి గోడలోనే పెరిగి గోడనే చీల్చును. రెండాకుల మొక్కగా నున్నప్పుడే వానిని వేరుతో తీసివేసి పగులును సున్నముతో మూయవలెను.

రేగడిలో చెట్టు ఇంటికి చేయు హాని ఇట్లు జరుగును. ఇల్లు నేలపై మూత వంటిది. ఇంటి నడుమ క్రింది మంటికి ఎండ తగులదు, వాన తగులదు. అక్కడ తేమ నిలుకడగా నుండును. గోడల వెంబడి నున్న మన్ను మాత్రము వేసవిలో ఎండును. చెట్టున్న వైపున ఎండతోపాటు వేళ్లును నీటిని తీయుటచే ఆ మూల మన్ను మిగిలిన చోట్లకంటె హెచ్చు లోతువఱకు ఆఱి కుదించుకొనును. ఇల్లంతయు ఒక్క తీరుగా రెండంగుళములు దిగినను గోడకు బాధ లేదు. ఒక మూల మాత్రము అరయంగుళము దిగినచో ఇటుక కట్టడము దానిని ఓర్వలేదు. బీట ఏటవాలుగా ఏర్పడి, సాధారణముగా పైభాగమున వెడల్పుగా, క్రిందికి వచ్చుకొలది సన్నముగా నుండును.

బీటను చదువుట

బీట కనబడగానే సిమెంటు పూయుట మనవారి అలవాటు. వైశాఖమున బాగుగా తెఱచుకొనిన బీటలో గట్టి సిమెంటు నింపినచో, శ్రావణ భాద్రపదములలో నేల ఉబ్బి ఆ బీట మూసికొనబోవునప్పుడు ఆ సిమెంటు మేకు వలె అడ్డుపడి ప్రక్క ఇటుకలను చితుకగొట్టును. ముందు బీటను ఒక ఏడాది పాటు చదువవలెను. బీటకు ఇరుప్రక్కల రెండు చిన్న మేకులు కొట్టి, వాని నడుమ దూరమును నెలకొకమాఱు కొలిచి, తేదీతో సహా ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. వేసవిలో హెచ్చి వానలలో తగ్గుచున్నచో అది నేల తేమకు సంబంధించిన బీట. ఋతువుతో పనిలేక నెలనెలకు పెరుగుచునే యున్నచో, నీటి గొట్టము కాఱుటయో, పూడ్చిన గోతి మన్ను దిగుటయో, మఱియొక కారణమో యుండును. అప్పుడు ఇంజనీరును వెంటనే పిలువవలెను.

బీట వెడల్పును బట్టి ప్రమాదమును అంచనా వేయుటకు బ్రిటన్ భవన పరిశోధన సంస్థ వారి కొలత మనకును ఉపకరించును. 5 మిల్లీమీటర్ల లోపు బీట చూపునకు చెడ్డగా నుండునే గాని సామాన్యముగా ఇంటి బలమునకు హాని చేయదు. 5 నుండి 15 మిల్లీమీటర్లలో తలుపులు పట్టును, గొట్టములు విఱుగవచ్చును. 15 దాటినచో గోడ కొంత భాగము విప్పి కట్టవలసి వచ్చును. 25 దాటినచో ఇల్లు నిలుచుటే సందేహము.

లండను బంకనేల చెప్పిన పాఠము

ఈ చిక్కు మన రేగడికి మాత్రమే పరిమితము కాదు. లండను నగరము క్రిందను ఉబ్బి కుదించుకొను బంకమన్ను కలదు. 1947 నాటి పొడి వేసవిలో అక్కడ అనేక గృహములు బీటలు వాఱినవి. పునాదులు మూడడుగుల లోతునకైన దింపవలెనని అప్పటి పరిశోధకులు సలహా చెప్పిరి. 1971 లో బీమా సంఘములు నేల క్రుంగుట వలన కలుగు నష్టమును ఇంటి బీమాలో చేర్చినవి. పిమ్మట 1976 లో గొప్ప అనావృష్టి వచ్చినది. చెట్ల చేరువనున్న ఇండ్లకు మూడడుగుల పునాదియు చాలదని అప్పుడు తేలినది. ఆ అనుభవమునుండి వచ్చిన సూత్రము సరళమైనది: చెట్టు పెరిగి నిలుచు ఎత్తునకును, ఇంటికి గల దూరమునకును నిష్పత్తి చూచి పునాది లోతును నిర్ణయింపవలెను. నీరు హెచ్చుగా త్రాగు జాతులైనచో ఎత్తునకు ఒకటింబావు రెట్లు దూరము వఱకును, మధ్యమ జాతులకు ముప్పాతిక వంతు వఱకును, తక్కువ త్రాగు జాతులకు సగము వఱకును చెట్టు ప్రభావమున్నట్లు ఆ దేశపు గృహ నిర్మాణ ప్రమాణములు గణించుచున్నవి.

అక్కడి జాతులు వేఱు, మన జాతులు వేఱు. మన ఎండయు తీవ్రమైనది. కాబట్టి మనము క్షేమమైన కొలతను గైకొనుట మంచిది. లోతు తక్కువ పునాది గల ఇంటికి ఒంటి చెట్టు దాని పూర్తి యెత్తునకు తగినంత దూరమునను, చెట్ల వరుస యైనచో ఎత్తునకు ఒకటిన్నర రెట్ల దూరమునను ఉండవలెను. చెట్టు నేటి ఎత్తు కాదు, పెరిగి నిలుచు ఎత్తు లెక్కింపవలెను.

క్రొత్తగా కట్టువారికి

క్రొత్తగా ఇల్లు కట్టువారికి దారులు పెక్కు కలవు. మొదటిది, కదలు పొరను దాటి పునాదిని దింపుట. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ 1950 ల నుండి పరిశోధించి మన రేగడికి అనువుగా తీర్చిన అండర్ రీమ్డ్ పైలు పునాది ఇట్టిది. చేతి బరమాతో సుమారు 3.5 మీటర్లు సన్నని గుంట తవ్వి, అడుగున దానిని గుంట వెడల్పునకు రెండున్నర రెట్లు గుండుగా విప్పార్చి, ఇనుప చువ్వలు దింపి కాంక్రీటు పోయుదురు. అడుగు గుండు నిలుకడ తేమ గల పొరలో పాతుకొని యుండుటచే పైమన్ను ఉబ్బినను స్తంభమును పైకి లాగలేదు. స్తంభముల తలలను కలుపుచు దూలము పోసి దానిపై గోడ లేపుదురు. ఆ దూలమునకును నేలకును నడుమ కనీసము 80 మిల్లీమీటర్ల ఖాళీ విడువవలెనని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. ఖాళీ లేనిచో ఉబ్బిన నేల దూలమును క్రిందినుండి త్రోయును. ఖర్చు తగ్గింపగోరి ఈ ఖాళీని మట్టితో పూడ్చు పనివారు కలరు. ఇంటివారు దగ్గఱనుండి చూచుకొనవలెను.

రెండవది, మన్ను మార్చుట. గచ్చు క్రిందను, పునాది ప్రక్కలను రేగడిని తీసివేసి ఉబ్బని మొరం మన్నును పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టింతురు. బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్.కె. కట్టి పరిశోధనలు ఈ విషయమున ప్రసిద్ధములు. బంక గలిగియు ఉబ్బని మన్నును సుమారు ఒక మీటరు మందమున పఱచినచో క్రింది రేగడి ఉబ్బు చాలవఱకు అణగునని ఆయన నిరూపించినాడు. కేవలము ఇసుకతో లోతైన గోతిని నింపినచో అది వాననీటికి తొట్టి వలె పనిచేసి చుట్టునున్న రేగడికి నీరు త్రాపుచుండును. ఇసుక వాడునప్పుడు నీరు చేరకుండ పైన మూత యుండవలెను.

మూడవది, స్థలపు చరిత్రను విచారించుట. ఆ స్థలమున ఇటీవల పెద్ద చెట్టు కొట్టినారా అని తప్పక అడుగవలెను. ఏండ్ల తరబడి చెట్టు పీల్చి ఆఱబెట్టిన మన్ను, చెట్టు పోయిన పిమ్మట మెల్లమెల్లగా నీరు త్రాగి ఉబ్బును. ఇది ఒక వానకాలముతో ముగియదు. కొన్ని సంవత్సరములు సాగును. అట్టి మొదటిపై సామాన్యపు పునాది వేయుట నిద్రించు జంతువు వీపుపై ఇల్లు కట్టుట వంటిది.

ఉన్న ఇంటిని కాపాడుకొనుట

కట్టిన ఇంటికి పునాది మార్చుట అందఱికి సాధ్యము కాదు. వారు చేయదగిన పని ఒక్క మాటలో చెప్పవచ్చును: ఇంటి చుట్టునున్న మంటి తేమను ఏడాది పొడవునను, నాలుగు వైపులను ఒక్క తీరుగా నిలుపుట.

అందులకు మొదటి సాధనము ఇంటి చుట్టును చప్టా. గోడనుండి కనీసము ఒకటిన్నర మీటరు వెడల్పున, వెలుపలికి వాలుగా, గోడకు అతుకు వీడకుండ దీనిని వేయించినచో వాననీరు పునాదిలో దిగదు; ఎండయు మన్నును త్వరగా ఆఱబెట్టదు. చూరునీటిని గొట్టములలో పట్టి చప్టా దాటించి విడువవలెను. స్నానపు గది నీరు, తొట్టి పొంగు నీరు, మరుగుదొడ్డి గుంట ఊట, ఇవి ఒకే మూల ఇంకుచున్నచో ఆ మూల ఉబ్బుచు, చెట్టున్న మూల కుదించుకొనుచు ఇల్లు రెండు వైపుల లాగబడును. చెట్టును నిందించుటకు ముందు కొళాయి అతుకులను పరీక్షింపవలెను. గోడ వెంబడి ఒక్క వైపున పూలపాదులు చేసి దినదినము నీరు పోయుటయు మంచిది కాదు.

రెండవ సాధనము కొమ్మలను మితముగా కత్తిరించుట. ఆకు తగ్గినచో చెట్టు త్రాగు నీరును కొంతకాలము తగ్గును. వేసవి ముదురక ముందే, ఏటేటను లేక రెండేండ్లకొకమాఱు క్రమముగా చేయవలెను. ఒక్కమాఱు మోడు చేసి విడిచినచో అది దట్టమైన చిగుళ్లు వేసి పూర్వమువలెనే నీరు త్రాగును.

మూడవది వేరు అడ్డు. ఇంటికిని చెట్టునకును నడుమ పునాదికంటె లోతుగా సన్నని కందకము తవ్వి కాంక్రీటు గోడనో, మందమైన ప్లాస్టిక్ పలకనో దింపుదురు. ఇది నిర్దోషమైన ఉపాయము కాదు; వేళ్లు దాని క్రిందుగా, ప్రక్కగా తిరిగి రావచ్చును. తవ్వుటలో లావు వేళ్లు తెగినచో చెట్టు పట్టు కోల్పోవును. తుఫానులు వచ్చు కోస్తాలో పట్టు కోల్పోయిన చెట్టు ఇంటిపైననే పడవచ్చును. అందువలన కందకమును మాను దగ్గఱ గాక ఇంటి దగ్గఱ తవ్వవలెను. మాను అడ్డుకొలతకు ఆఱింతల దూరము లోపల గునపము దింపరాదు. ఒక్క వైపున తప్ప రెండు వైపుల వేళ్లు నఱకరాదు.

చెట్టు పాతదా, ఇల్లు పాతదా?

ఇన్ని చేసినను బీట తగ్గనప్పుడు చెట్టును తీయుట తప్పకపోవచ్చును. అప్పుడు వేసికొనవలసిన ప్రశ్న ఇది: చెట్టు పాతదా, ఇల్లు పాతదా? ఇల్లు కట్టిన పిమ్మట నాటిన చెట్టైనచో, ఇల్లు కట్టిన నాడు నేల తడి స్థితిలో నున్నది. చెట్టు దానిని ఎండబెట్టినది. చెట్టు తీసినచో నేల సాధారణముగా తన పూర్వస్థితికి వచ్చును, బీటలు చాలవఱకు మూసికొనును. ఇల్లు కట్టకమునుపే చెట్టు పెద్దదై యున్నచో సంగతి వేఱు. ఇల్లు ఎండిన నేలపైననే కట్టబడినది. చెట్టు తీసినచో నేల మునుపెన్నడును ఇంటికి తెలియని ఎత్తునకు ఉబ్బును. క్రుంగుట వలన కలిగిన బీటలకంటె ఉబ్బుట వలన కలుగు బీటలను బాగుచేయుట కష్టము. అట్టి పాత చెట్టును ఇంజనీరు సలహా లేక ముట్టరాదు. ఇదిగాక, 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము ననుసరించి, ఆంధ్రప్రదేశములోను తెలంగాణములోను చెట్టు కొట్టుటకు అధికారుల అనుమతి అవసరమగు సందర్భములు పెక్కు కలవు. ముందుగా విచారించుకొనుట మేలు.

క్రొత్తగా నాటువారు ఈ చిక్కును మొదటనే తప్పించుకొనవచ్చును. మఱ్ఱి, రావి, జువ్వి, మేడి వంటివి ఊరి చెఱువు గట్టునకు, బడి ఆవరణకు తగినవి. ఇంటి పెరటికి కావు. త్వరగా పెరిగి హెచ్చుగా నీరు త్రాగు జామాయిలు, సుబాబులు చెట్లను రేగడిలోని ఇంటి దాపున నాటరాదు. వేప, మామిడి, చింత పెద్ద స్థలము గలవారు దూరముగా నాటుకొనవచ్చును. చిన్న పెరటికి జామ, నిమ్మ, దానిమ్మ, కరివేపాకు, మందారము వంటివి చాలును. వీనిని సయితము గోడకు రెండు మూడు మీటర్ల ఎడముగా నుంచవలెను. సొంత పెరడు చాలనపుడు ఇరుగుపొరుగువారు కలిసి వీథి కొసన, ఇండ్లకు దూరముగా ఒక పెద్ద చెట్టును పెంచుకొన్నచో నీడ అందఱికిని దక్కును. పొరుగువారి చెట్టువలన అనుమానమున్నచో తగవునకు పోకమునుపు ఏడాది బీట లెక్కలను వారికి చూపుట మంచిది. తేదీలతో కూడిన కొలతలు మాటలకంటె త్వరగా ఒప్పించును.

రేగడిలో ఇల్లు కట్టింపబోవు గృహస్థులు మేస్త్రీకి బయానా ఇచ్చుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెనని మేము కోరుచున్నాము. ఈ మన్ను నూటికి ఎంత ఉబ్బును? పునాది ఆ కదలు పొరలో నిలుచునా, దానిని దాటునా? చుట్టునున్న చెట్లు, మన పొరుగువారివి సయితము, పెరిగి నిలిచిననాడు ఎంత ఎత్తు, ఎంత దూరము? వీనికి సమాధానములు కాగితముపై వ్రాసికొనిన పిమ్మటనే ముగ్గు పోయింపవలెను. ఇప్పటికే ఇల్లు గలవారు ఈ వేసవిలోనే మేకులు కొట్టి కొలత మొదలుపెట్టవచ్చును. వానలు ముగియునప్పటికి గొడ్డలి కావలెనో, చప్టా కావలెనో, కొళాయి అతుకు బాగుచేసిన చాలునో ఆ పుస్తకమే చెప్పును.